తన నేలను గీసిన ఆదివాసీ: చిత్రకారుడు ఆల్బర్ట్ నమట్జిరా

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతీ యువకులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన ఆదివాసీ ప్రజల గురించి ఐక్యరాజ్యసమితి వేసిన బృందం మొదటిసారి కూర్చుంది. ఆ గుర్తుగా 1994లో ఈ రోజును ప్రపంచ ఆదివాసీ దినంగా ప్రకటించారు. ఈ సంగతి ప్రతి ఏడూ ఈ వేదిక మీద చెప్పుకుంటూనే ఉన్నాం. దీనికి ఒక్కరోజు ముందు, అంటే ఆగస్టు 8కి కూడా ఒక గుర్తు ఉంది. 1959లో ఆ రోజున ఆస్ట్రేలియా నడిబొడ్డున ఒక ఆస్పత్రిలో ఒక ఆదివాసీ చిత్రకారుడు కన్ను మూశారు. ఆయన పేరు ఆల్బర్ట్ నమట్జిరా. ఈరోజు మేము మీకు చెప్పదలుచుకున్నది ఆయన కథ.

ఆయన దగ్గరికి మేము ఎలా వెళ్ళామో ముందు చెప్తాం. గిరిజన బాలికల వసతి గృహంలో వార్డెన్‌గా పనిచేస్తున్న వాళ్ళం కాబట్టి మా కథలన్నీ హాస్టల్ నుంచే మొదలవుతాయి. ఆదివారం మధ్యాహ్నాలు మేము బొమ్మల క్లాసు పెడతాం. మొదటిసారి పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చి "మీ ఊరు గీయండి" అన్నాం. గంట తర్వాత కాగితాలు చేతికొచ్చాయి. అన్నిటిలో ఒకే బొమ్మ. రెండు మూడుమూలల కొండలు, వాటి మధ్య నుంచి తొంగిచూసే సూర్యుడు, కిందికి దిగే ఏరు, పక్కన ఒక కొబ్బరి చెట్టు, ఆకాశంలో నాలుగు పక్షులు. కొందరైతే కొండ కొనల మీద మంచు కూడా పెట్టారు. కిటికీ తీస్తే ఎదురుగా మా కొండ కనబడుతుంది. అది మూడుమూలలుగా ఉండదు, గొర్రె పడుకున్నట్టు ఉంటుంది. మా ఊళ్ళల్లో పనస ఉంది, జీలుగు ఉంది, చింత ఉంది. కొబ్బరి చెట్టు ఎక్కడిది అని అడిగాం. ఒక పాప లేచి, "మేడం, సీనరీ అంటే అంతే కదా" అంది.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. శని ఆదివారాలు వస్తే వంజంగి కొండ మీద మేఘాలు చూడటానికి పట్నాల నుంచి బళ్ళ మీద బళ్ళు వస్తాయి. తెల్లవారుజామున చలిలో నిలబడి వాళ్ళు ఫోటోలు తీసుకుంటారు. ఆ కొండల కింద పుట్టిన పిల్లకు మాత్రం తన కొండ సీనరీగా కనబడటం లేదు. ఎవరో ఎప్పుడో పుస్తకంలో వేసిన కొండే ఆమెకు కొండ.

మరి తన ఊరి కొండను తన కళ్ళతో చూసి గీసినవాళ్ళు ఎవరున్నారని వెతకడం మొదలుపెట్టాం. లైబ్రరీ పుస్తకాల్లో సముద్రాన్నీ తుఫానునూ గీసి లోకమంతా పేరు తెచ్చుకున్న ఇంగ్లాండు చిత్రకారుడు టర్నర్ దొరికారు. ఆయన లండన్‌లో మంగలి పని చేసుకునే మనిషి కొడుకు. పిల్లలకు ఆ కథ నచ్చింది. "మనలాంటి వాళ్ళెవరూ లేరా మేడం?" అని అడిగారు. అలా వెతుకుతుంటే నమట్జిరా దొరికారు.

ఆస్ట్రేలియా మధ్య భాగం ఎర్రమట్టి నేల. ఏ వైపు పోయినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. వాన తక్కువ, ఏడాదిలో చాలాకాలం ఏర్లు ఇసుకతో ఎండిపోయి ఉంటాయి. అక్కడ ఆలిస్ స్ప్రింగ్స్ అనే పట్నానికి సుమారు 125 కిలోమీటర్ల దూరంలో హెర్మన్స్‌బర్గ్ అనే చోట 1877లో లూథరన్ క్రైస్తవ మిషన్ పెట్టారు. అక్కడివాళ్ళు తమ భాషలో ఆ చోటును న్తారియా అంటారు. అరండ తెగకు చెందిన కుటుంబంలో 1902 జులై 28న ఒక బిడ్డ అక్కడ పుట్టాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎలియా. తండ్రి పేరు నమట్జిరా. కొన్నేళ్ళకు తల్లిదండ్రులు క్రైస్తవం తీసుకున్నారు. బిడ్డకు ఆల్బర్ట్ అని పేరు మార్చారు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆయన కూడా హాస్టల్ పిల్లవాడే. మిషన్ బడిలో చదువుతూ, అమ్మానాన్నలకు దూరంగా మగపిల్లల వసతి గదిలో పడుకునేవారు. ఆ రోజుల్లోనే చుట్టూ కనబడే పశువుల దొడ్డి, గుర్రాల మీద కాపరులు, వేటకు పోయేవాళ్ళు, ఇవన్నీ గీసుకునేవారట. పదమూడేళ్ళ వయసులో ఆరు నెలలు అడవిలో ఉండి, పెద్దల దగ్గర తెగ ఆచారాలు, కొండల కథలు, నేల మీద తన బాధ్యతలు నేర్చుకున్నారు. అంటే ఆయనకు రెండు బళ్ళు. ఒకటి పలక పట్టిన బడి, ఇంకోటి తెగ పెద్దల బడి. ఒకదాని కోసం రెండోదాన్ని వదులుకోలేదు. మీలో చాలామందికి ఈ రెండు బళ్ళూ ఉన్నాయి. హాస్టల్లో చేరగానే రెండోది మూసేసుకోవద్దని మా కోరిక.

పద్దెనిమిదేళ్ళకు పెళ్ళి చేసుకున్నారు. ఆ పెళ్ళి తెగ కట్టుబాటుకు విరుద్ధమైనది, అందుకని కొన్నేళ్ళు ఊరు వదిలి దూరంగా ఉండాల్సి వచ్చింది. 1923లో భార్యాబిడ్డలతో తిరిగి వచ్చారు. తర్వాత చేయని పని లేదు. కమ్మరి పని, వడ్రంగి పని, పశువులు కాయడం, ఒంటెలు తోలడం. మిషన్‌లో పని చేస్తే కూలికి బదులు తిండి సరుకులు ఇచ్చేవారు. ఐదుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. ఆ సంసారం గడవడం కోసం ముల్గా అనే తుమ్మ జాతి కర్రతో పలకలు చేసి, కాల్చిన ఇనుప కడ్డీతో వాటి మీద బొమ్మలు వేసి అమ్మేవారు.

1934లో రెక్స్ బాటర్‌బీ అనే తెల్ల చిత్రకారుడు తన స్నేహితుడితో కలిసి హెర్మన్స్‌బర్గ్‌లో బొమ్మల ప్రదర్శన పెట్టారు. బాటర్‌బీ మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి తీవ్రంగా గాయపడిన సైనికుడు, ఆ తర్వాతే బొమ్మలు నేర్చుకున్నారు. ఆ ప్రదర్శనలో ఆల్బర్ట్ తన సొంత కొండలను నీటి రంగుల్లో చూశారు. ఇది నేనూ చేయగలను అనుకున్నారు. 1936లో బాటర్‌బీ మళ్ళీ వచ్చినప్పుడు ఒక బేరం పెట్టారు. నేను మీ ఒంటెలు తోలుతాను, దారి చూపిస్తాను, మీరు నాకు రంగులు నేర్పండి. ఇద్దరూ కలిసి రెండు నెలల పాటు ఆ కొండల్లో తిరిగారు. అప్పటికి ఆల్బర్ట్ వయసు ముప్పై నాలుగు. పది దాటితే ఇక మనకేం వస్తుంది అని దిగులుపడే పిల్లలు మా హాస్టల్లో ఉన్నారు, వాళ్ళు ఈ మాట వినాలి.

నీటి రంగుల పని ఎలా ఉంటుందో తెలియని వాళ్ళ కోసం చెప్తాం. పలచటి రంగును ముందు వేస్తారు, ముదురు రంగు తర్వాత. ఒకసారి వేసింది చెరిపేయడానికి ఉండదు. తెలుపు కావాలంటే ఆ చోట కాగితాన్ని ఖాళీగా వదిలేయాలి. అంటే ఏం వేయాలో కన్నా, ఏం వదలాలో ముందే తెలిసి ఉండాలి. కొండను ఎన్నోసార్లు చూసి మనసులో పెట్టుకున్నవాడికే అది కుదురుతుంది. ఆల్బర్ట్ ముప్పై ఏళ్ళకు పైగా ఆ కొండలను చూస్తూనే ఉన్నారు. బాటర్‌బీ నేర్పింది కుంచె పట్టడం. కొండ మాత్రం ఆయన దగ్గర ముందే ఉంది.

1938 డిసెంబరులో మెల్‌బోర్న్ నగరంలో ఆయన మొదటి సొంత ప్రదర్శన. 41 చిత్రాలు. మూడు రోజుల్లో అన్నీ అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాది అడిలైడ్‌లోని దక్షిణ ఆస్ట్రేలియా ఆర్ట్ గ్యాలరీ ఒక చిత్రం కొన్నది. ఆ ప్రదర్శన సమయంలో ఇంకో చిన్న మార్పు జరిగింది. అంతకుముందు బొమ్మ కింద "ఆల్బర్ట్" అని మాత్రమే రాసేవారు. అప్పటి నుంచి తండ్రి పేరు చేర్చి "ఆల్బర్ట్ నమట్జిరా" అని సంతకం పెట్టడం మొదలుపెట్టారు. ఈ సంతకం సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఆయన ఏం గీశారు? మెక్‌డోనెల్ కొండల వరస, మౌంట్ సోండర్, హాస్ట్స్ బ్లఫ్, పామ్ వ్యాలీ, ఇసుకతో నిండిన ఫింక్ నది. మన జామాయిల్‌కు దగ్గర చుట్టమైన ఘోస్ట్ గమ్ అనే చెట్టును ఎన్నోసార్లు గీశారు. దాని మాను సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ముందు ఆ తెల్ల మాను, వెనక ఎర్ర బండ, దాని వెనక ఊదా రంగు కొండ, ఆపైన లేత ఆకాశం. ఊదా రంగు కొండ ఎక్కడైనా ఉంటుందా అని పట్నాల్లో కొందరు అనుమానించారు. పొద్దు వాలేటప్పుడు దూరపు కొండ ఏ రంగులో ఉంటుందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ సాయంత్రం ఇంటికి పోతూ తల ఎత్తి చూడండి.

పండితుల నుంచి ఇంకో విమర్శ వచ్చింది. ఇది ఆదివాసీ కళ కాదు, తెల్లవాళ్ళ పద్ధతికి మంచి నకలు, అంతే అన్నారు. చాలాకాలం ఆ మాటే చెల్లింది. ఆయన పోయాక ఎన్నో ఏళ్ళకు గానీ చూపు మారలేదు. ఆయన ఎక్కడపడితే అక్కడ కూర్చుని అందంగా ఉందని గీయలేదు. చాలావరకు తన తండ్రి వైపు నేల, తల్లి వైపు నేల గీశారు. అరండ వాళ్ళకు ప్రతి కొండ ఒక పూర్వీకుల కథ, ప్రతి నీటి గుంట ఒక బాధ్యత. మనకు కొండ దేవత ఉన్నట్టే. పైకి అది సీనరీ. ఆ తెగవాళ్ళు చూస్తే అది వంశవృక్షం. సవరలు ఇంటి గోడ మీద వేసే బొమ్మను బయటివాళ్ళు ముగ్గు లాంటిదనుకుంటారు. ఇంట్లోవాళ్ళకు అది మొక్కు. ఇదీ అలాంటిదే.

ఆయన పేరు దేశమంతా పాకింది. ఆయన చిత్రాల అచ్చు ప్రతులు ఎన్నో ఇళ్ళ గోడలకెక్కాయి. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేక పతకం వచ్చింది. 1954లో కాన్‌బెర్రాలో స్వయంగా రాణిని కలిశారు. 1956లో విలియం డార్గీ అనే చిత్రకారుడు నమట్జిరా ముఖచిత్రం గీసి, ఆ దేశంలో పేరున్న ఆర్చిబాల్డ్ బహుమతి అందుకున్నారు.

ఇంతవరకే చెప్పి ఆపేస్తే ఇది ఒక విజయగాథ. మేము ఆపడం లేదు, ఎందుకంటే అసలు సంగతి ఇక్కడి నుంచే మొదలవుతుంది.

తాను ఏ కొండలను గీసి దేశానికి చూపించారో, ఆ కొండల్లో పశువులు మేపుకోవడానికి కొంత భూమి లీజుకు ఇవ్వమని అడిగారు. ఇవ్వలేదు. ఆలిస్ స్ప్రింగ్స్ పట్నంలో ఇల్లు కట్టుకోవాలని ప్రయత్నించారు. ఆదివాసీ కాబట్టి కుదరదన్నారు. పట్నం బయట ఎండిపోయిన వాగు పక్కన, మోరిస్ సోక్ అనే చోట గుడారాల్లో ఉన్నారు. ఆయన బొమ్మ గోడకు తగిలించుకున్నవాళ్ళకు ఇల్లుంది, బొమ్మ వేసినాయనకు లేదు. బొమ్మల మీద వచ్చిన సంపాదనకు ఆదాయపు పన్ను మాత్రం కట్టించుకున్నారు.

అప్పటి చట్టంలో అక్కడి ఆదివాసీలు పౌరులు కారు. "వార్డులు", అంటే ప్రభుత్వ సంరక్షణలో ఉన్న మైనర్ల లాంటివాళ్ళు. ఓటు లేదు, నచ్చిన చోట ఉండే హక్కు లేదు. 1957లో ఉత్తర ప్రాంత ప్రభుత్వం ఆ వార్డుల జాబితా ప్రకటించినప్పుడు అందులో నమట్జిరా పేరు, ఆయన భార్య రుబీనా పేరు చేర్చలేదు. ఆ విధంగా ఇద్దరూ పౌరులయ్యారు. పత్రికలన్నీ గొప్పగా రాశాయి. ఆయన పిల్లలు మాత్రం వార్డులుగానే ఉండిపోయారు. ఒకే ఇంట్లో తల్లిదండ్రులకు ఒక చట్టం, బిడ్డలకు ఇంకో చట్టం.

ఇప్పుడు మేము చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. పౌరుడు కాబట్టి ఆయన మద్యం కొనవచ్చు. వార్డులకు ఇవ్వడం నేరం. అరండ కట్టుబాటు ప్రకారం ఉన్నది ఏదైనా బంధువులతో పంచుకోవాలి. సంపాదన అంతా అలాగే పంచారు. మద్యం కూడా పంచారు. వాళ్ళున్న గుడారాల దగ్గర ఒక మహిళ హత్యకు గురైంది. ఆ తర్వాత 1958లో బంధువుకు మద్యం అందించారని ఆయన మీద కేసు పెట్టి ఆరు నెలల శిక్ష వేశారు. దేశమంతా గొడవ జరిగింది, అప్పీళ్ళు వెళ్ళాయి, శిక్ష మూడు నెలలకు తగ్గింది. చివరికి 1959లో పపున్యా అనే చోట రెండు నెలలు నిర్బంధంలో ఉన్నారు.

తాగుడును వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు. సారా వల్ల తండ్రి పోయిన పిల్లలు మా హాస్టల్లో ఎంతమందో మాకు తెలుసు, సెలవులకు ఇంటికి పంపడానికే భయపడే సందర్భాలున్నాయి. ఆ మహిళ ప్రాణం చిన్న విషయం కాదు. అయితే ఒక మనిషిని సగం పౌరుణ్ణి చేసి, నీ వాళ్ళతో నువ్వు కలిసి బతకడమే నేరం అనే చోట నిలబెడితే ఏమవుతుందో ఆయన జీవితం చూపించింది. ఒక్కరికి మాత్రం తలుపు తీసి మిగతావాళ్ళను బయట ఉంచడం గౌరవం కాదు. మీలో రేపు ఉద్యోగాలకు ఎక్కేవాళ్ళు ఇది మనసులో పెట్టుకోవాలి.

నిర్బంధం నుంచి బయటికి వచ్చాక ఆయన ఎన్నాళ్ళో బతకలేదు. గుండె జబ్బుతో 1959 ఆగస్టు 8న ఆలిస్ స్ప్రింగ్స్ ఆస్పత్రిలో పోయారు. వయసు యాభై ఏడు. వేసిన చిత్రాలు సుమారు రెండు వేలు. ఎనిమిదేళ్ళ తర్వాత, 1967లో ఆస్ట్రేలియా ప్రజాభిప్రాయం అడిగింది. రాజ్యాంగంలో ఆదివాసీలను వేరుచేసే మాటలు తీసేయాలని నూటికి తొంభై మందికి పైగా ఓటు వేశారు.

ఇక సంతకం సంగతికి వస్తాం. పౌరసత్వం వచ్చిన ఆ 1957లోనే ఆయన ఒక ప్రచురణ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. బొమ్మలు అచ్చువేసుకునే హక్కు వాళ్ళకు, వచ్చిన దాంట్లో పన్నెండున్నర శాతం ఈయనకు. ఆయన పోయాక ఆస్తి వ్యవహారం ప్రభుత్వ ట్రస్టీ చేతికి వెళ్ళింది. 1983లో ఆ ట్రస్టీ కుటుంబాన్ని అడగకుండా మొత్తం కాపీరైట్‌ను 8,500 ఆస్ట్రేలియా డాలర్లకు ఆ సంస్థకు అమ్మేశారు. అప్పటి నుంచి తాత బొమ్మ పుస్తకంలో అచ్చయినా మనవలకు ఒక్క పైసా లేదు. సినిమాలో చూపించాలన్నా, పుస్తకం వేయాలన్నా వేరేవాళ్ళ అనుమతి. కుటుంబం ఏళ్ళ తరబడి పోరాడింది. 2017లో ఆ హక్కు ఒక్క డాలరుకు తిరిగి నమట్జిరా వారసత్వ ట్రస్టుకు వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు పట్టింది.

ఈ కథ చదువుతున్నప్పుడు మాకు తల వంచుకోవాలనిపించింది. ఎందుకో దాచకుండా చెప్తాం.

కొన్నేళ్ళ కిందట బయటి నుంచి ఒక సంస్థవాళ్ళు మా హాస్టల్‌కు వచ్చారు. పిల్లలకు రంగులు, బిస్కెట్లు పంచారు. రోజంతా బొమ్మలు వేయించారు. వెళ్ళేటప్పుడు మంచి బొమ్మలు కొన్ని తీసుకుని, ఇంగ్లీషులో ఉన్న ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నారు. వంటకు సరుకులు వచ్చే వేళ, ఇంకోపక్క ఇద్దరు పిల్లలకు జ్వరం. చదవకుండా సంతకం పెట్టేశాం. బి.ఇడి చదివి, పిల్లలకు "చదవనిదే సంతకం పెట్టకండి" అని పాఠం చెప్పే మేమే పెట్టాం.

మరుసటి జనవరిలో ఎవరో ఒక క్యాలెండర్ తెచ్చిచ్చారు. నిగనిగలాడే కాగితం. ఒక నెల మీద మా ఎనిమిదో తరగతి పాప బొమ్మ. వలిసె పూలతో పచ్చబడ్డ చేను, దాని వెనక గొర్రె పడుకున్నట్టున్న మా కొండ. కొబ్బరి చెట్టు లేదు, మంచు లేదు. క్లాసులో మొదటిసారి తన కొండను చూసి గీసిన పిల్ల ఆమె. కింద మూలన తన పేరు, ఊరు పేరు ముత్యాల్లా రాసుకుంది. క్యాలెండర్‌లో ఆ మూల కత్తిరించేశారు. పాప బొమ్మను గుర్తుపట్టింది, సంతోషపడింది, వేలితో కింద వెతికింది. తర్వాత తలెత్తి, "మేడం, నా పేరేది?" అని అడిగింది.

మా దగ్గర సమాధానం లేదు. ఆ సంస్థకు ఉత్తరం రాస్తే మేము సంతకం పెట్టిన కాగితం నకలు పంపించారు. అందులో అన్ని హక్కులూ వాళ్ళకే అని ఉంది.

అప్పటి నుంచి మా హాస్టల్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. బొమ్మల రిజిస్టరు ఒకటి ఉంది. ఎవరు వేశారు, ఏ ఊరు, ఏ తేదీ, దేని బొమ్మ అని రాస్తాం, ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుతాం. పేరు బొమ్మ అంచున కాకుండా బొమ్మలోనే, రాయి మీదో మాను మీదో రాయమని నేర్పుతున్నాం. బొమ్మ బయటికి వెళ్ళాలంటే పిల్లనూ, ఆమె అమ్మానాన్నలనూ అడుగుతాం. కాగితం తెలుగులో చదివి వినిపించాకే సంతకం. మన దేశ చట్టంలో బొమ్మ వేసినవాళ్ళ బతుకంతా, వాళ్ళు పోయాక ఇంకో అరవై ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. రాసివ్వనిదే అది ఎవరికీ పోదు. బొమ్మకే కాదు, మీరు పాడి రికార్డు చేసిన పాటకు, తీసిన ఫోటోకు, ఫోన్‌లో చేసిన వీడియోకు కూడా హక్కు ఉంటుంది. మనకు 1/70 చట్టం గురించి పెద్దలు చెప్తారు, భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా అది కాపలా అని. చేతి పనికి కాపలా మనమే ఉండాలి.

నమట్జిరా తర్వాత ఏమైంది అని పిల్లలు అడిగారు. ఆయన కొడుకులు, బంధువులు ఆయన దారిలో నీటి రంగులు పట్టారు. ఆ బాణీకి హెర్మన్స్‌బర్గ్ బాణీ అనే పేరు వచ్చింది, ఇప్పటికీ మనవలు, మునిమనవలు వేస్తున్నారు. ఆయన్ను నిర్బంధించిన పపున్యాలోనే 1971లో ఒక బడిపంతులు ప్రోత్సాహంతో అక్కడి పెద్దలు బడి గోడ మీద తమ కథ గీశారు. చుక్కలతో నిండిన ఎడారి చిత్రాలు లోకమంతా చేరడం అక్కడి నుంచే మొదలైంది. ఒక టీచరుగా ఈ ముక్క మాకు చాలా ఇష్టం.

మునిమనవడు విన్సెంట్ నమట్జిరా చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని, దూరాన పెర్త్ నగరంలో వేరేవాళ్ళ ఇళ్ళల్లో పెరిగారు. పెద్దయ్యాక తన వాళ్ళను వెతుక్కుంటూ తిరిగి వచ్చి, కుంచె పట్టారు. 2020లో ఆర్చిబాల్డ్ బహుమతి గెలిచారు. 1921లో మొదలైన ఆ బహుమతి ఒక ఆదివాసీ చిత్రకారుడికి దక్కడం అదే మొదటిసారి. ముత్తాత ముఖం గీసి వేరొకరు గెలిచిన బహుమతిని మునిమనవడు తన చేతి పనితో గెలిచారు.

యువతకు మేము పెద్ద పెద్ద మాటలు చెప్పం. ఫోన్ మీ అందరి చేతిలోనూ ఉంది. దాంట్లో ముందు మీ కొండను చూడండి, మీ వాగును, మీ సంతను చూడండి. ఆ కొండకు మీ భాషలో పేరేమిటో తాతను అడగండి, రాసిపెట్టండి. నమట్జిరా ఎన్నోసార్లు గీసిన జంట ఘోస్ట్ గమ్ చెట్లు ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర ఉండేవి. 2013 జనవరిలో అవి కాలి కూలిపోయాయని వార్త వచ్చింది, ఎవరో నిప్పు పెట్టారని అనుమానించారు. చెట్లు పోయినా వాటిని చూసిన కళ్ళ గుర్తు కాగితం మీద మిగిలింది. మన కొండలకు కూడా రోడ్లు వస్తున్నాయి, రిసార్టులు వస్తున్నాయి. ఇవాళ ఉన్నది ఉన్నట్టు గీసి పెట్టేవాళ్ళు మనలోనే ఉండాలి.

చివరిగా ఒక్క మాట. "నా పేరేది" అని అడిగిన ఆ పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, బొమ్మలు మానలేదు. ఈ సంచికలో ఆమె బొమ్మ వేయమని సంఘం వారిని అడిగాం. పేరు, ఊరు పెద్ద అక్షరాల్లో ఉండాలన్నాం. సంఘం వాళ్ళు ఒప్పుకున్నారు. ఇక ఆమెను అడిగితే, వారం రోజులు ఆలోచించుకుని చెప్తానంది. ఈసారి ఆమె జవాబు వచ్చేదాకా మేము ఆగుతాం.